చట్టం గీతలో ఉత్తర్వు: చెక్, స్లొవాక్ దేశాల ప్రభుత్వ నిబంధనలు

పార్లమెంటు చేసే చట్టం ఏ దేశంలోనైనా పెద్ద సూత్రాలను చెప్పి ఆగుతుంది. ఆ సూత్రం కొలిమి ముందు నిలబడి పనిచేసే కార్మికుడి దాకా చేరాలంటే దాని కింద మరో అంచె రాత కావలసి వస్తుంది. చెక్ గణతంత్రంలో కార్మికుల ఆరోగ్యాన్ని కాపాడే బాధ్యత యజమానిదని కార్మిక చట్టం చెబుతుంది. అయితే తీవ్రమైన వేడిలో పనిచేసేవారికి ఇవ్వవలసిన పానీయం, చెమటగా పోయిన ద్రవంలో కనీసం 70 శాతానికి సరిపోవాలని చెప్పేది చట్టం కాదు, 2007లో అక్కడి ప్రభుత్వం జారీ చేసిన 361వ నంబరు నిబంధన. అలాగే రోడ్డు మీద పాటించవలసిన నియమాలు 2000 నాటి చట్టంలో ఉంటే, దారి పక్కన నిలబెట్టే గుర్తుల ఆకారం, రంగు రవాణా మంత్రిత్వ శాఖ 2015లో జారీ చేసిన మరో పత్రంలో ఉన్నాయి. పౌరుడి రోజువారీ బతుకును తాకే రాతలో సింహభాగం ఈ కింది అంచెదే అయినా, న్యాయశాస్త్ర చర్చల్లో దానికి దక్కే చోటు చిన్నది.

ఈ కింది అంచెలో రెండు ముఖ్య రూపాలున్నాయి. మంత్రివర్గం మొత్తంగా కూర్చుని ఆమోదించే నిబంధనను చెక్ భాషలో నర్జీజెనీ అనీ, స్లొవాక్ భాషలో నరియాదెన్యె అనీ అంటారు. ఒక్కొక్క మంత్రిత్వ శాఖ తన పరిధిలో జారీ చేసేదాన్ని రెండు భాషల్లోనూ విహ్లాష్కా అంటారు. ఇవి రెండూ అందరికీ వర్తించే సాధారణ నియమాలు. ఫలానా వ్యక్తికి, ఫలానా ఇంటికి, ఫలానా తప్పుకు సంబంధించి ఒక కార్యాలయం ఇచ్చే నిర్ణయం వీటికి భిన్నమైనది; దానిని పాలనా నిర్ణయం అంటారు, అందులో ఒక ప్రత్యేక రకమే పాలనా ఉత్తర్వు. నియమానికీ నిర్ణయానికీ మధ్య ఉన్న ఈ తేడాను ముందే పట్టుకోకపోతే తరువాతి చర్చ అర్థం కాదు, ఎందుకంటే నియమాన్ని ప్రశ్నించే దారి వేరు, నిర్ణయాన్ని ప్రశ్నించే దారి వేరు.

చెక్ రాజ్యాంగం 1992 డిసెంబరు 16న ఆమోదం పొంది, చట్టాల సంపుటిలో 1993వ సంవత్సరపు మొదటి నంబరుగా అచ్చయింది. దాని 78వ అధికరణం ప్రకారం ప్రభుత్వం చట్టాన్ని అమలు చేయడానికి, ఆ చట్టం హద్దుల్లోనే నిబంధనలు జారీ చేయవచ్చు. వాటి మీద ప్రధానమంత్రి, సంబంధిత మంత్రి సంతకాలు చేయాలి. మంత్రిత్వ శాఖల విషయంలో 79వ అధికరణం ఇంకా బిగువుగా ఉంది: ఫలానా విషయంలో నియమాలు చేయవచ్చునని చట్టమే పేరుపెట్టి అధికారం ఇస్తే తప్ప శాఖ కలం ఎత్తడానికి వీల్లేదు. అంటే మంత్రివర్గానికి అధికారం రాజ్యాంగం నుంచే నేరుగా వస్తుంది, ఒంటరి మంత్రికి మాత్రం ప్రతిసారీ పార్లమెంటు అనుమతి కావాలి. 1992 సెప్టెంబరు 1న ఆమోదం పొందిన స్లొవాక్ రాజ్యాంగం 120, 123 అధికరణాల్లో దాదాపు ఇదే ఏర్పాటు చేసింది. చెక్ రాజ్యాంగ వ్యవస్థలో భాగమైన ప్రాథమిక హక్కుల పత్రం వైపు నుంచి కూడా ఇదే కట్టడి కనిపిస్తుంది: పౌరుడి మీద బాధ్యత మోపాలంటే చట్టం ఆధారంగా, చట్టం హద్దుల్లోనే మోపాలి.

‘అమలు కోసం, హద్దుల్లో’ అన్న ఈ సూత్రం 1993లో పుట్టినది కాదు. 1918 అక్టోబరు 28న చెకొస్లొవాకియా ఏర్పడినప్పుడు కొత్త రాజ్యం తన మొదటి చట్టంతోనే పాత ఆస్ట్రియా, హంగరీ చట్టాలను, నిబంధనలను తాత్కాలికంగా కొనసాగించింది. ఆస్ట్రియా రాజ్యాంగ చట్టాల్లో ఒకదానికి 14వ సెక్షన్ ఒకటుండేది. పార్లమెంటు సమావేశంలో లేనప్పుడు చక్రవర్తి అత్యవసర శాసనాలతో పాలించడానికి అది తలుపు తెరిచింది, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆ తలుపు బార్లా తెరుచుకునే ఉంది. ఆ అనుభవం వెనక ఉండగా 1920 ఫిబ్రవరి 29న వచ్చిన చెకొస్లొవాక్ రాజ్యాంగం తన 55వ సెక్షన్‌లో, నిబంధన ఒక నిర్దిష్ట చట్టం అమలుకే, ఆ చట్టం హద్దుల్లోనే రావాలని కట్టడి చేసింది. ఆ రాజ్యాంగ ముసాయిదా రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించిన యిర్జీ హోట్జెల్ పాలనా న్యాయశాస్త్ర ఆచార్యుడు కావడం యాదృచ్ఛికం కాదు. అదే రాజ్యాంగపు 102వ సెక్షన్ న్యాయమూర్తుల చేతికి ఒక సాధనం ఇచ్చింది: చట్టం విషయంలో అది సక్రమంగా ప్రకటితమైందా లేదా అన్నంత వరకే వారు చూడగలరు, కాని నిబంధన విషయంలో తమ ముందున్న వ్యాజ్యంలో దాని చెల్లుబాటునే పరీక్షించగలరు.

రాతలో ఇంత జాగ్రత్త ఉన్నా, ఆచరణలో గీత జరగడానికి పదమూడేళ్లు చాలాయి. ఆర్థిక మాంద్యం ముదిరిన 1933 జూన్ 9న పార్లమెంటు 95వ నంబరు చట్టం చేసి, ధరలు, సుంకాలు వంటి ఆర్థిక విషయాల్లో చట్టంతో చేయవలసినవాటిని నిబంధనతో చేసే అసాధారణ అధికారాన్ని ప్రభుత్వానికి కొంతకాలానికి అప్పగించింది. తాత్కాలికమన్న ఆ ఏర్పాటును తరువాత పొడిగించారు. దానిని సమర్థించినవారి ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు, చుట్టుపక్కల దేశాల్లో ప్రజాస్వామ్యం కూలిపోతున్నప్పుడు దానిని నిలబెట్టుకున్న పార్లమెంటు చేసిన పని అది. కాని ‘నిర్దిష్ట చట్టం’ అన్న మాటను ఎంత సాగదీయవచ్చో అప్పుడే తెలిసిపోయింది.

మ్యూనిక్ ఒప్పందం తరువాత, 1938 డిసెంబరు 15న వచ్చిన 330వ నంబరు రాజ్యాంగ చట్టం ఆ సాగదీతను తెగేదాకా తీసుకెళ్లింది. ప్రభుత్వం ఏకగ్రీవంగా కోరితే రాజ్యాంగాన్నే మార్చే శాసనాలు చేసే అధికారం రాష్ట్రపతికీ, చట్టం అవసరమైన విషయాల్లో సైతం నిబంధనలతో నడిపే అధికారం మంత్రివర్గానికీ రెండేళ్ల పాటు దక్కాయి. అప్పుడు రాష్ట్రపతి పీఠం మీద ఉన్నది ఎమిల్ హాఖా. 1925 నుంచి ఆయన అత్యున్నత పాలనా న్యాయస్థానానికి అధ్యక్షుడు. అధికారుల నిర్ణయాలు చట్టం గీత దాటాయా అని చూడటమే ఆ న్యాయస్థానం పని. ఆ గీతను కాపాడటంలో తల పండిన మనిషి హయాములోనే ఆ గీత చెరిగిపోవడం చెకొస్లొవాక్ న్యాయ చరిత్రలోని చేదు వ్యంగ్యం. మూడు నెలలకు జర్మన్ సేనలు ప్రాగ్‌లో అడుగుపెట్టాయి. ఆక్రమణ కింద కొనసాగిన ప్రభుత్వం తన నిబంధనలకు ఈ అధికార బదిలీనే ఆధారంగా చూపుకుంది. ప్రజా జీవితంలో యూదుల న్యాయస్థితి మీద 1939 జూలై 4 తేదీతో తయారై 1940లో 136వ నంబరుగా అచ్చయిన పత్రం కూడా పేరుకు ఒక ప్రభుత్వ నిబంధనే.

స్లొవాకియాలో జరిగినది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1939 మార్చి 14న జర్మనీ నీడలో విడిగా ఏర్పడిన స్లొవాక్ రాజ్యంలో పార్లమెంటు 1940 సెప్టెంబరు 3న 210వ నంబరు రాజ్యాంగ చట్టంతో, యూదుల ఆస్తులను వారి చేతుల్లోంచి తప్పించడానికి కావలసిన చర్యలను తీసుకునే అధికారాన్ని ఏడాది పాటు ప్రభుత్వానికి ఇచ్చింది. సరిగ్గా ఆ గడువు చివరన, 1941 సెప్టెంబరు 9 తేదీతో 198వ నంబరు నిబంధన వెలువడింది. యూదుల స్మృతిగా పేరు మోసిన ఆ పత్రంలో 270 సెక్షన్లున్నాయి. ఎవరు యూదుడన్నది జాతి ప్రాతిపదికన నిర్వచించి, వారి పని, ఆస్తి, చదువు, వివాహం, తిరుగాడే స్వేచ్ఛ అన్నిటినీ అది కట్టడి చేసింది. ఒక జనసమూహపు పౌరజీవితాన్ని మొత్తంగా తుడిచిపెట్టిన ఆ రాత పార్లమెంటులో ఓటుకు రానే లేదు. 1942 మార్చి 25న పొప్రాద్ నుంచి యువతులతో తొలి రైలు ఆష్విట్జ్‌కు బయలుదేరింది. ఆ పంపివేతలకు అనుమతినిచ్చే రాజ్యాంగ చట్టాన్ని పార్లమెంటు చేసినది మే 15న, అంటే రైళ్లు కదిలిన ఏడు వారాలకు. చట్టం ముందు, ఉత్తర్వు తరువాత అన్న వరస తలకిందులైతే ఏమవుతుందో చెప్పడానికి ఈ రెండు తేదీల మధ్య దూరం కన్నా బలమైన నిదర్శనం దొరకదు.

యుద్ధానంతరం ఈ రాతలు చెల్లవని ప్రకటించినా, ప్రవాసంలో ఉన్న రాష్ట్రపతి ఎడ్వర్డ్ బెనెష్ కూడా పార్లమెంటు లేని కాలంలో శాసనాలతోనే పాలించవలసి వచ్చింది. వాటిని తాత్కాలిక జాతీయ సభ 1946 మార్చిలో ఆమోదించింది. కమ్యూనిస్టు పాలన నాలుగు దశాబ్దాల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు: 1952తో అత్యున్నత పాలనా న్యాయస్థానం అంతరించింది, శాఖల నిబంధనలూ మార్గదర్శకాలూ పెరిగిపోయాయి, వాటిని గట్టిగా నిలదీయగల న్యాయస్థానం లేకుండాపోయింది. పాలనా నిర్ణయాల మీద న్యాయస్థానాల సాధారణ పరీక్ష 1992 ఆరంభంలో తిరిగి వచ్చింది.

1993 జనవరి 1న రెండు దేశాలూ విడిపోయిన తరువాత ఒకే వారసత్వం రెండు దారులు పట్టింది. న్యాయమూర్తి చేతిలోని సాధనం విషయంలో చెక్ రాజ్యాంగం 1920 నాటి పద్ధతినే నిలుపుకుంది. 95వ అధికరణం ప్రకారం న్యాయమూర్తి చట్టానికీ, దేశపు న్యాయవ్యవస్థలో భాగమైన అంతర్జాతీయ ఒప్పందానికీ కట్టుబడాలి, కాని కింది అంచె నియమం వాటికి అనుగుణంగా ఉందో లేదో తానే చూసుకోవచ్చు. లేదనిపిస్తే తన ముందున్న వ్యాజ్యంలో దానిని పక్కన పెట్టవచ్చు. చిన్న పట్టణంలోని జిల్లా న్యాయమూర్తికి కూడా ఈ అధికారం ఉంది. స్లొవాక్ న్యాయమూర్తికి అది లేదు. 144వ అధికరణం ప్రకారం నిబంధన చట్టానికి విరుద్ధమని ఆయన భావిస్తే విచారణను ఆపి, కోషిత్సెలోని రాజ్యాంగ న్యాయస్థానానికి నివేదించాలి. స్లొవాక్ పద్ధతిలో ఒకే నిబంధన గురించి ఊరికొక తీర్పు వచ్చే ప్రమాదం లేదు, తీర్పు అందరికీ ఒకేసారి వర్తిస్తుంది. కాని దారి పొడవైనది. వ్యాజ్యం వేసిన సామాన్యుడి వైపు నుంచి చూస్తే చెక్ పద్ధతే మేలనిపిస్తుంది, ఎందుకంటే అతడికి కావలసింది దేశమంతటికీ వర్తించే సిద్ధాంతం కాదు, తన మీద పడిన భారం తొలగడం.

రెండవ తేడా యూరప్ వైపు నుంచి వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో చేరడానికి సిద్ధపడుతున్న రోజుల్లో వేలాది పేజీల యూరోపియన్ నియమాలను దేశీయ చట్టంలోకి తేవలసి వచ్చినప్పుడు, స్లొవాకియా 2001లో రాజ్యాంగాన్ని సవరించి ప్రభుత్వానికి ప్రత్యేకమైన తలుపు తెరిచింది. సమన్వయ నిబంధనలు అనదగిన ఈ రకం నరియాదెన్యె, అనుమతించే చట్టం ఉన్న మేరకు, పౌరుల మీద నేరుగా బాధ్యతలు మోపవచ్చు. అందుకు తగినట్టు, పౌరుల మీద బాధ్యతలు ఎలా మోపవచ్చో చెప్పే 13వ అధికరణం కూడా మారింది. షరతులను 2002 నాటి 19వ నంబరు చట్టం నిర్దేశించింది. చెక్ రాజ్యాంగం ఇలాంటి తలుపు తెరవలేదు. వేగం దృష్ట్యా స్లొవాక్ ఏర్పాటు సమంజసమే, కాని 1920 నాటి సూత్రాన్ని అది ఒక మూల సడలించిందన్నది నిజం.

చెక్ ప్రభుత్వం ఆ తలుపు లేకుండానే లోపలికి వెళ్లబోయి దెబ్బతిన్న ఉదంతం చక్కెరది. చక్కెర దుంప సాగును, చక్కెర మార్కెట్టును నిలబెట్టడానికి ప్రభుత్వం 2000లో 51వ నంబరు నిబంధనతో ఉత్పత్తి కోటాలను తెచ్చింది. ఎవరు ఎంత ఉత్పత్తి చేయాలన్నది వ్యాపారం చేసే హక్కును తాకే విషయం. అది చట్టంలో ఉండవలసినదే కాని నిబంధనలో మొదలు కావలసినది కాదు. బ్ర్‌నోలోని రాజ్యాంగ న్యాయస్థానం 2001 ఫిబ్రవరిలో ఆ నిబంధనను రద్దు చేసింది. అధికారం ఉన్న సంస్థే నిబంధన జారీ చేయాలి, చట్టానికే వదిలిన విషయాల్లో అది తలదూర్చకూడదు, ఈ విషయాన్ని కింది అంచెకు వదులుతున్నామన్న శాసనకర్తల ఉద్దేశం చట్టంలో కనిపించాలి అన్న కొలతలు ఇలాంటి తీర్పుల వల్లే స్థిరపడ్డాయి. చక్కెర మళ్లీ అదే న్యాయస్థానం మెట్లెక్కింది. 2004 మే 1న దేశం యూనియన్‌లో చేరిన తరువాత కోటాల మీద అధికారం యూరప్ స్థాయికి వెళ్లిపోయినా, ప్రాగ్ ప్రభుత్వం అదే విషయం మీద నిబంధన జారీ చేసింది. తన చేతిలో లేని అధికారాన్ని వాడిందన్న కారణంతో 2006 మార్చి 8 నాటి తీర్పు అందులోని ఆ అంశాన్ని కొట్టివేసింది. మొదటిసారి ప్రభుత్వం పార్లమెంటు స్థలంలో అడుగుపెట్టింది, రెండవసారి యూరప్ స్థలంలో.

2020లో వచ్చిన కరోనా ఈ ఏర్పాట్లన్నిటినీ ఒకేసారి పరీక్షకు పెట్టింది. చెక్ ప్రభుత్వం మార్చి 12న అత్యవసర స్థితి ప్రకటించింది. అత్యవసర స్థితిలో ఆంక్షలు పెట్టవలసినది 2000 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద మంత్రివర్గమే, ఆ ఆంక్షల వల్ల కలిగిన నష్టానికి రాజ్యం పరిహారం చెల్లించాలన్న షరతూ ఆ చట్టంలోనే ఉంది. కొద్ది రోజులకే ఆంక్షల జారీ ప్రజారోగ్య చట్టం కింద ఆరోగ్య మంత్రిత్వ శాఖ చేతికి మారింది. పరిహారం బరువు తప్పించుకోవడానికే ఈ మార్పని విమర్శకులు అన్నారు. ప్రాగ్ నగర న్యాయస్థానం ఏప్రిల్ 23న చిల్లర దుకాణాల మూసివేత, సంచార నిషేధాలకు సంబంధించిన నాలుగు ఉత్తర్వులను రద్దు చేసింది. ఆంక్షలు అనవసరమని న్యాయస్థానం అనలేదు. అంత విస్తృతంగా హక్కులను కట్టడి చేసే పని ఒక మంత్రిది కాదు, మొత్తం ప్రభుత్వానిది అని మాత్రమే అంది. కాగితం మీద సంతకం ఎవరిదన్నది లాంఛనమని అనుకునేవారికి ఈ తీర్పు చదవదగినది. 2021 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఇంకో అడుగు వేసి, కొన్ని దుకాణాలను తెరవనిచ్చి తక్కినవాటిని మూయించడానికి తగిన కారణాలు చూపలేదంటూ ప్రభుత్వ తీర్మానంలోని ఆ భాగాన్ని కొట్టివేసింది. కారణం చెప్పని నియమం సమానత్వం పరీక్షలో నిలవదని తేలింది.

స్లొవాకియాలో సమస్య రూపం వేరు. అక్కడి ప్రజారోగ్య కార్యాలయం మొదట్లో దేశమంతటికీ వర్తించే ఆంక్షలను ‘చర్యలు’ పేరుతో జారీ చేసింది, అవి చట్టాల సంపుటిలో అచ్చు కాలేదు. వాటిని నియమమనాలా, నిర్ణయమనాలా, ఎక్కడ ప్రశ్నించాలి అన్న చర్చ బయలుదేరింది. 2020 అక్టోబరులో అమలులోకి వచ్చిన సవరణతో ఆ ఆంక్షలు విహ్లాష్కా రూపం దాల్చి ప్రభుత్వ పత్రికలో ప్రచురితం కాసాగాయి. ప్రచురణ చిన్న విషయంగా కనిపించవచ్చు, కాని ఎక్కడా అచ్చు కాని నియమాన్ని పాటించమని పౌరుడిని అడగడం ఎంత వింతో ఆ నెలల్లో అందరికీ తెలిసివచ్చింది. ఇప్పుడు స్లొవాకియాలో 2016 నుంచి, చెక్ గణతంత్రంలో 2024 నుంచి చట్టాల సంపుటి ఎలక్ట్రానిక్ రూపంలో అధికారికంగా వెలువడుతున్నది.

నియమానికీ నిర్ణయానికీ మధ్య చెక్ చట్టం మూడవ రూపాన్ని కూడా సృష్టించింది. 2006 జనవరి 1న అమలులోకి వచ్చిన పాలనా ప్రక్రియ చట్టం దానికి పెట్టిన పేరును సార్వత్రిక స్వభావం గల చర్య అని చెప్పుకోవచ్చు: విషయం నిర్దిష్టం, వర్తించే జనం మాత్రం అనిర్దిష్టం. ఒక ఊరి భూవినియోగ ప్రణాళిక ఇలాంటిది. అది ఫలానా స్థలానికే సంబంధించినది, కాని అక్కడ ఎవరు ఇల్లు కట్టుకున్నా దానికి లోబడవలసిందే. ముసాయిదాను కార్యాలయ ప్రకటన పలక మీద అతికించి, జనం వ్యాఖ్యలు, స్థలాల యజమానుల అభ్యంతరాలు తీసుకుని, వాటికి జవాబు రాసిన తరువాతే దానిని జారీ చేయాలి. ఆ తరువాత పాలనా న్యాయస్థానంలో సవాలు చేయవచ్చు. స్లొవాకియా ఇప్పటికీ 1967 నాటి 71వ నంబరు పాలనా ప్రక్రియ చట్టంతోనే నడుస్తోంది. అర్ధ శతాబ్దం దాటిన చెకొస్లొవాక్ కాలపు చట్టం, ఎన్నో సవరణలతో, స్వతంత్ర దేశపు కార్యాలయాలను నడపడం స్లొవాక్ న్యాయవాదులకు అలవాటైపోయిన విషయం.

ఇక మిగిలినది పౌరుడి ఇంటి తపాలా పెట్టెలో పడే పాలనా ఉత్తర్వు. చెక్‌లో దీనిని ప్ర్జీకజ్ అంటారు, స్లొవాకియాలో రోజ్కజ్ అంటారు. ట్రాఫిక్ నియమం తప్పడం వంటి చిన్న నేరాల్లో, ఆధారాలు సరిపోయేటంత స్పష్టంగా ఉన్నాయని కార్యాలయం భావిస్తే విచారణ జరపకుండానే జరిమానా రాసి పంపుతుంది. ఉత్తర్వు అందిన వ్యక్తికి రెండు దారులుంటాయి: చెల్లించవచ్చు, లేదా ఒద్పోర్ అనే ప్రతిఘటన పత్రం దాఖలు చేయవచ్చు. గడువు చెక్‌లో 8 రోజులు, స్లొవాకియాలో 15 రోజులు. ఆ పత్రం అప్పీలు కాదు, పై అధికారి దగ్గరకు పోదు. గడువులో దాఖలైతే చాలు, ఉత్తర్వు తనంత తానే రద్దై, మామూలు విచారణ మొదటి మెట్టు నుంచి మొదలవుతుంది. పోలీసు అక్కడికక్కడే రాసే జరిమానా చీటీ సంగతి వేరు. చెక్ పద్ధతిలో తప్పు చేసిన వ్యక్తి ఒప్పుకుని సంతకం చేస్తేనే అది పుడుతుంది, సంతకం చేశాక దానిని ప్రతిఘటించే దారి లేదు.

ప్రతిఘటించినందుకు జరిమానా పెరుగుతుందేమోనన్న భయం సహజం. ఆ భయాన్ని రెండు దేశాల చట్టాలూ ముందే ఊహించాయి: అదే పనిని అదే నేరంగా పరిగణించినంత కాలం, విచారణ తరువాత వేసే శిక్ష ఉత్తర్వులో రాసినదాన్ని మించకూడదు, మందలింపుతో సరిపెట్టడం తప్ప శిక్ష రకం మార్చకూడదు. ఒద్పోర్ రాయడానికి న్యాయవాది అక్కరలేదు, కారణాలు చూపనక్కర కూడా లేదు. ఏ ఉత్తర్వును ప్రతిఘటిస్తున్నారో తెలిసేలా నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి, గడువులోగా ఆ ఉత్తర్వు ఇచ్చిన కార్యాలయానికే అందజేస్తే సరిపోతుంది.